ఇంటి ఆటోమేషన్‌లో నిర్ణయం ఎక్కడ ఉండాలి: క్లౌడు స్విచ్చులు, హబ్బులు, బస్సు పద్ధతి

మీ ప్రశ్నను ముందుగా నాకు అర్థమైన రీతిలో చెబుతాను. రాజమహేంద్రవరం శివార్లలో మీ అమ్మానాన్నల కోసం రెండంతస్తుల ఇల్లు కడుతున్నారు. గోడలు లేచాయి, కరెంటు పైపులు వేసే దశ వచ్చింది. మీరు డల్లాస్‌లో ఉంటారు. వైఫై స్విచ్చులు బిగించి ఫోనులో ఒక యాప్ వేసుకుంటే చాలని ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. గోడల్లో ప్రత్యేకమైన తీగ లాగి కేఎన్ఎక్స్ పద్ధతిలో చేయిస్తే తరతరాలు ఉంటుందని హైదరాబాదు నుంచి వచ్చిన సంస్థవారు చెప్పి, దానికి అనేక రెట్ల అంచనా ఇచ్చారు. ఈ రెండింటిలో దేనిమీద డబ్బు పెట్టాలన్నది మీ సందేహం.

మీ ఇంటికి ఈ రెండూ ఇప్పుడు వారు చెబుతున్న రూపంలో సరిపడవని నా అభిప్రాయం. దానికి కారణం ధర కాదు. ఏ పరికరాన్ని చూసినా అది ఎంత తెలివైనదని కాకుండా, "ఈ దీపం వెలగాలి, ఈ మోటారు ఆగాలి" అనే నిర్ణయం ఎక్కడ నిలవ ఉందో, ఆ చోటికీ పరికరానికీ మధ్య దారి తెగితే ఏమవుతుందో అడగాలి. ఇంట్లో మీరుండరు, డెబ్బై దాటిన ఇద్దరు పెద్దవాళ్లుంటారు కాబట్టి మీ విషయంలో ఈ ప్రశ్న మరింత ముఖ్యం.

క్లౌడు మీద ఆధారపడిన స్విచ్చి ఎలా పనిచేస్తుందో చూడండి. నాన్నగారు హాల్లో కూర్చొని ఫోనులో వేలు పెడతారు. ఆ ఆదేశం ఇంటి రౌటరు నుంచి, వీధి స్తంభం మీది ఫైబరు తీగ గుండా, సర్వీసు ప్రొవైడరు దాటి, ఏ ముంబైలోనో ఏ విదేశంలోనో ఉన్న తయారీదారు సర్వరుకు చేరుతుంది. అక్కడ ఖాతా, అనుమతి సరిచూశాక అదే దారిలో వెనక్కి వచ్చి, ఆయనకు రెండు గజాల దూరంలో గోడలో ఉన్న రిలేను, అంటే కరెంటును కలిపి తెంపే చిన్న మీటను, కదిలిస్తుంది. ముక్కు ఏదంటే తల చుట్టూ చేయి తిప్పి చూపించినట్లన్న మాట. అన్ని యాప్‌లూ ఇలాగే ఉంటాయని అనను. ఫోనూ స్విచ్చీ ఒకే వైఫైలో ఉంటే నేరుగా మాట్లాడుకునేవీ చాలా ఉన్నాయి. అయితే అలాంటి వాటిలో కూడా "సాయంత్రం ఆరున్నరకు గేటు దీపం వెలగాలి", "తలుపు తెరిస్తే వరండా దీపం వెలగాలి" వంటి నియమాలు తరచుగా సర్వరులోనే ఉంటాయి. ఇంటర్నెట్ ఉన్నంతకాలం ఆ తేడా ఎవరికీ కనిపించదు.

ఈ చర్చ ఇళ్లలో కొత్తది గానీ కర్మాగారాలలో పాతదే. 1962లో ఇంగ్లండులోని ఫ్లీట్‌వుడ్‌లో ఐసీఐ సంస్థ తన సోడా యాష్ ప్లాంటును ఫెరాంటి ఆర్గస్ అనే ఒకే కంప్యూటరుతో నేరుగా నడిపించింది. అప్పటికి అది గొప్ప విషయమే. అయితే ఆ పద్ధతిలో కంప్యూటరు ఆగితే నియంత్రణంతా ఆగుతుంది, అందుకని పక్కన ఇంకొక ఏర్పాటు సిద్ధంగా ఉంచుకోవలసి వచ్చేది. 1975లో హనీవెల్ వారి టీడీసీ 2000, యోకోగావా వారి సెంటమ్ వచ్చాయి. వాటిలో ఒక్కొక్క కంట్రోలరు కొన్ని లూపులను (ఒక కొలత, దాన్నిబట్టి కదిలే ఒక వాల్వు కలిస్తే లూపు) మాత్రమే చూసుకుంటుంది, లెక్క తన దగ్గరే చేసుకుంటుంది. కంట్రోలు రూములోని తెర చూడటానికీ, కావలసిన విలువ మార్చడానికీ ఉంటుంది; తెర ఆరిపోయినా వాల్వు తన పని తాను చేసుకుపోతుంది. నేడు రిఫైనరీలు, థర్మల్ కేంద్రాలు, ఎరువుల కర్మాగారాలు నడిచేది ఈ వికేంద్రీకృత పద్ధతి మీదే. క్లౌడు స్విచ్చులు అమ్మేవారు పరిశ్రమ యాభై ఏళ్ల కిందట వదిలేసిన అమరికనే, ఈసారి కంప్యూటరును సముద్రాల అవతల పెట్టి, మన ఇళ్లలోకి తెస్తున్నారు.

దీని ఫలితం ఇప్పటికే చాలామంది అనుభవించారు. అమెరికాలో 300 డాలర్ల దాకా పెట్టి రివాల్వ్ అనే హబ్బు (ఇంట్లోని పరికరాలన్నిటినీ కలిపి నడిపే డబ్బా) కొన్నవారికి, ఆ సంస్థను గూగుల్ వారి నెస్ట్ కొనేసిన తరువాత, 2016 మే 15న అది పూర్తిగా పనికిరాని డబ్బాగా మిగిలింది. పరికరం చెడలేదు, సర్వరు మూసేశారు, అంతే. 2020లో వింక్ సంస్థ అప్పటిదాకా ఉచితంగా నడిచిన హబ్బులకు నెలకు 4.99 డాలర్ల చందా పెట్టింది. 2025 అక్టోబరు 20న అమెరికా వర్జీనియాలోని అమెజాన్ డేటా కేంద్రాలలో డీఎన్ఎస్ (సర్వర్ల పేర్లను చిరునామాలుగా మార్చే ఏర్పాటు) లోపం తలెత్తినప్పుడు అలెక్సా, రింగ్ కెమెరాలతో పాటు ఇంటర్నెట్‌తో నడిచే ఎయిట్ స్లీప్ వారి పరుపులు కూడా మొరాయించాయి. వేడి తగ్గించుకోలేక కొందరు, ఎత్తు మార్చుకోలేక కొందరు ఇబ్బంది పడ్డారు. ఆ తరువాతే ఆ సంస్థ ఇంటర్నెట్ లేనప్పుడు బ్లూటూత్ ద్వారా పరుపును నడిపే ఏర్పాటు తెచ్చింది. అది మొదటి రోజునుంచీ ఉండవలసిన ఏర్పాటు.

సర్వరుకు దారి తెగడానికి వర్జీనియా దాకా పోనక్కరలేదు. 2025 ఆగస్టులో హైదరాబాదు రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ప్రాణాలు పోయిన తరువాత, విద్యుత్ స్తంభాలకు వేలాడుతున్న కేబుళ్లను తొలగించే పని పెద్దయెత్తున జరిగింది. నగరంలో చాలా కాలనీలలో ఇంటర్నెట్ ఆగిపోయింది. తప్పెవరిదన్నది వేరే చర్చ. స్తంభం మీది తీగ కోస్తే లోపలి గదిలో ఫ్యాను నియమం ఆగే ఇల్లు కట్టుకోవడం తెలివైన పని కాదన్నది మాత్రం మనకు సంబంధించిన విషయం. మీ ప్రాంతంలో తుఫాను గాలికి చెట్టుకొమ్మ ఫైబరు మీద పడటం ఎంత మామూలో మీకు చెప్పనక్కరలేదు.

ఇక్కడ చాలామంది తొందరపడి, "అయితే అన్నీ లోకల్‌గా పెట్టుకుంటే సరి" అనుకుంటారు. స్థానికంగా ఉండటం వేరు, వికేంద్రీకృతంగా ఉండటం వేరు. ఇంట్లో ఒక చిన్న రాస్ప్‌బెర్రీ పై కంప్యూటరు పెట్టి, అందులో హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేరు వేసి, నియమాలన్నీ అందులోనే రాసుకుంటే అది స్థానికమే. ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుంది, ఏ కంపెనీ మూతబడినా మీకు సంబంధం లేదు. కానీ నిర్ణయాలన్నీ ఒక్కచోటే ఉన్నాయి. ఆ డబ్బాలోని ఎస్‌డీ కార్డు ఎడతెగని రాతలకు అరిగిపోయి ఒకరోజు తెరుచుకోకపోతే, వర్జీనియాలో జరిగినదే మీ మెట్ల కింది అరలో జరుగుతుంది; తేడా అల్లా బాగుచేయవలసినవారు మీరే కావడం. మీరు డల్లాస్‌లో ఉన్నారు.

వికేంద్రీకృతమంటే ప్రతి పరికరమూ తన వాటా నియమాన్ని తన జ్ఞాపకంలో దాచుకొని, ఎవరినీ అడగకుండా అమలుచేయడం. దీనికి నాకు తెలిసిన మంచి నిదర్శనం ఇన్‌స్టియాన్ అనే స్మార్టు స్విచ్చుల సంస్థ. 2022 ఏప్రిల్‌లో ఆ సంస్థ సర్వర్లు ముందు మాటగానైనా చెప్పకుండా ఆగిపోయాయి. యాప్ పోయింది, గొంతుతో చెప్పి నడిపించడం పోయింది. అయినా ఒక స్విచ్చికి ఇంకొక స్విచ్చిని నేరుగా జతచేసుకున్న ఇళ్లలో ఆ జతలు మునుపటిలాగే పనిచేశాయి, ఎందుకంటే "ఈ మీట నొక్కితే ఆ దీపం వెలగాలి" అన్న పట్టిక ఆయా స్విచ్చుల లోపలే రాసి ఉంది, ఆదేశం వెళ్లేది కరెంటు తీగమీదా రేడియోమీదా. అదే ఏడాది జూన్‌లో కొందరు వాడకందారులే కలిసి ఆ సంస్థను కొని సర్వర్లను మళ్లీ లేపారు. ఒకే కంపెనీ, ఒకే రోజు, ఒకే ఇల్లు. ఏ నియమం ఎక్కడ దాచారన్నదాన్ని బట్టి సగం బతికింది, సగం చచ్చింది. ఇంటి వేడిని అదుపుచేసే పాత నెస్ట్ థర్మోస్టాట్లదీ ఇలాంటి కథే. మొదటి రెండు తరాల వాటికి 2025 అక్టోబరు 25తో ఫోను అనుసంధానం ఆపేశారు గానీ, పరికరం లోపల దాచిన వేళల పట్టిక ప్రకారం అవి గోడమీద ఇంకా పనిచేస్తూనే ఉన్నాయి.

ఇక మీకు అంచనా ఇచ్చిన కేఎన్ఎక్స్ సంగతి. 1990లో యూరపులో ఈఐబీ పేరుతో మొదలై, తరువాత ఇంకొన్ని పద్ధతులతో కలిసి కేఎన్ఎక్స్ అయిన ఈ ప్రమాణం ఇప్పుడు ఐఎస్ఓ/ఐఈసీ 14543-3గా ఉంది. దాదాపు 30 వోల్టుల డీసీ నడిచే రెండు పోగుల తీగ ఇల్లంతా తిరుగుతుంది; పరికరాలన్నీ పంచుకునే ఈ తీగనే బస్సు అంటారు. స్విచ్చులూ సెన్సర్లూ దానికి తగిలించి ఉంటాయి. దీపాలనూ ఫ్యాన్లనూ కదిలించే ఆక్చువేటర్లు డీబీలో, అంటే ఎంసీబీలుండే పెట్టెలో ఉంటాయి. స్విచ్చి నొక్కగానే అది టెలిగ్రాము అనే ఒక చిన్న సందేశాన్ని, ఉదాహరణకు 1/1/4 అనే గ్రూపు చిరునామాకు, సెకనుకు 9600 బిట్ల వేగంతో తీగమీద వదులుతుంది. ఆ చిరునామా తన జ్ఞాపకంలో ఉన్న ఆక్చువేటరు పనిచేస్తుంది, తక్కినవి పట్టించుకోవు. నడుమ మధ్యవర్తి కంప్యూటరు లేదు. ఒక స్విచ్చి చెడితే ఆ స్విచ్చే పోతుంది. ఒక లైను వెయ్యి మీటర్ల దాకా సాగవచ్చు. తయారీదారులు వందల్లో ఉన్నారు కాబట్టి ఒకరిది దొరకకపోతే ఇంకొకరిది పెట్టుకోవచ్చు. యంత్రంగా చూస్తే దీనికి వంక పెట్టడం కష్టం. బస్సుకు కరెంటిచ్చే పవరు సప్లై ఒక్కటీ చెడితే ఆ లైనంతా మూగబోతుందన్నది తప్ప, దానికీ ఒక అదనపు సప్లై కొని బీరువాలో పెట్టుకోవచ్చు.

అయినా మీ ఇంటికి దీన్ని ఎందుకు వద్దంటున్నానంటే, కేఎన్ఎక్స్‌లో క్లౌడు మీది ఆధారం పోయి మనిషి మీది ఆధారం వస్తుంది. పరికరాలన్నిటికీ చిరునామాలు, నియమాలు రాసేది ఈటీఎస్ అనే లైసెన్సు సాఫ్ట్‌వేరుతో. ఇల్లు అప్పగించేటప్పుడు ఆ ప్రాజెక్టు ఫైలు ఇంటి యజమాని చేతికి ఇవ్వని సంస్థలు ఉన్నాయి. నాలుగేళ్ల తరువాత ఒక దీపం స్విచ్చి మార్చాలంటే మళ్లీ వారినే బతిమాలుకోవాలి, వారు వ్యాపారం మానేసి ఉంటే కొత్తవారు మొత్తం మొదటినుంచి రాయాలి. పైగా ఈ పద్ధతిలో గోడమీది స్విచ్చికి 230 వోల్టుల తీగ రాదు, ప్రతి దీపం తీగా నేరుగా డీబీకి పోతుంది. రేపెప్పుడైనా ఇదంతా వద్దనుకుంటే మామూలు స్విచ్చులకు తిరిగి రావడానికి గోడలు పగలగొట్టాలి. కేఎన్ఎక్స్ తెలిసిన మనిషి నగరంలో పది ఫోన్లు చేస్తే దొరుకుతాడు. మీ ఊళ్లో ఆదివారం సాయంత్రం దొరికేది ఎలక్ట్రీషియనే. హోటలుకో ఆసుపత్రికో, నగరంలో కట్టే పెద్ద విల్లాకో ఇదే ప్రశ్న వేసి ఉంటే నా జవాబు తప్పకుండా వేరుగా ఉండేది.

కేఎన్ఎక్స్‌ను గురించి ఇంకొక మాట చెప్పకపోతే అన్యాయం. స్థానికం కదా, భద్రమే అనుకొని దూరంనుంచి చూసుకోవడానికి రౌటరులో పోర్టు, అంటే బయటినుంచి లోపలికి వచ్చే తలుపు, తెరిచి వదిలేసేవారున్నారు. 2021లో జర్మనీలో ఒక కార్యాలయ భవనంలోకి అలాగే చొరబడి, పరికరాలలోని నియమాలు చెరిపేసి, మళ్లీ ఎవరూ రాయకుండా బీసీయూ కీ అనే తాళం వేసిపోయారు. చాలా పరికరాలు పనికిరాకుండా పోయాయి. చివరికి భద్రతా నిపుణులు ఒక పరికరం జ్ఞాపకంలోంచి ఆ తాళాన్ని వెలికితీసి భవనాన్ని మళ్లీ లేపారు. మంచి క్లౌడు సంస్థ తన సర్వరు తలుపును కనిపెట్టుకొని ఉంటుంది. మన ఇంటి తలుపు తెరిచి పెట్టి వికేంద్రీకరణ మమ్మల్ని కాపాడుతుందనుకుంటే కాపాడదు.

ఈ రెండింటికీ నడుమ ఉన్న పద్ధతే మీకు సరిపోతుంది, దాన్ని మీ ఇంటి నీళ్ల మోటారుతో మొదలుపెట్టి చెబుతాను, ఎందుకంటే ఇంటి ఆటోమేషన్‌లో నిజంగా నష్టం కలిగించగలిగినది అదే. దీపం వెలగకపోతే విసుగు పుడుతుంది. మోటారు ఆగకపోతే సంపు ఖాళీ అయి మోటారు కాలుతుంది, లేదా మేడమీది ట్యాంకు పొర్లి గోడ నానుతుంది.

వైఫై పద్ధతిలో ట్యాంకు మూతకు నీటిమట్టం చూసే సెన్సరొకటి, మోటారుకు స్మార్టు స్విచ్చొకటి పెడతారు. "నిండగానే ఆపు" అన్న నియమం సర్వరులో ఉంటుంది. మోటారు మొదలైన పది నిమిషాలకు ఇంటర్నెట్ పోయిందనుకోండి. సెన్సరు నిండిందని చెబుతుంది, వినేవారు లేరు. అంతకంటే చెడ్డది రిలే సంగతి. ఒక హెచ్‌పీ సింగిల్ ఫేజు మోటారు నడిచేటప్పుడు ఐదారు ఆంపియర్లే తీసుకున్నా, లేచేటప్పుడు దానికి ఐదారు రెట్లు లాగుతుంది. డబ్బామీద 16 ఆంపియర్లని రాసి ఉన్న చిన్న రిలే హీటరు వంటి లోడుకు ఆ లెక్క తట్టుకుంటుంది గానీ, మోటారు తాకిడికి దాని కాంటాక్టులు కొన్నాళ్లకు అతుక్కుపోతాయి. అప్పుడు యాప్‌లో ఆఫ్ అని కనిపిస్తుంది, మోటారు మాత్రం నడుస్తూనే ఉంటుంది.

నేను చేయించే పద్ధతి పాతకాలపుదే. మోటారుకు ఓవర్‌లోడు రిలేతో కూడిన కాంటాక్టరు (మోటారు తాకిడిని తట్టుకునే పెద్ద రిలే) పెడతాం, దాన్ని లాగే కాయిల్‌కు 24 వోల్టులు ఇస్తాం కనుక ట్యాంకులోకి దిగే తీగలో 230 వోల్టులు ఉండవు. మేడమీది ట్యాంకులో ఒక ఫ్లోట్ స్విచ్చి, సంపులో ఒకటి. మొదటిది నిండితే తెగుతుంది, రెండవది ఎండితే తెగుతుంది. రెండూ కాయిల్ సర్క్యూటులో సిరీస్‌లో ఉంటాయి. స్టార్టు బటను నొక్కితే కాంటాక్టరు లాగి, తన హోల్డు కాంటాక్టుతో తానే పట్టుకుంటుంది. ఏ ఫ్లోటు తెగినా వదిలేస్తుంది, మళ్లీ ఎవరో స్టార్టు నొక్కేదాకా లేవదు. ఇప్పుడు ఫోనుతో నడిచే చిన్న రిలేను స్టార్టు బటనుకు సమాంతరంగా తగిలించి, అర సెకను మూసి తెరిచేట్లు అమర్చుకోండి. అది మోసేది కాయిల్ కరెంటే కనుక కాంటాక్టులు అతుక్కునే భయం దాదాపు లేదు. డల్లాస్ నుంచి మీరు మోటారు వేయవచ్చు. ఆపవలసిన వేళ ఆపే బాధ్యత మాత్రం ట్యాంకులో తేలే ఫ్లోటుది. వేసే అధికారం ఎంత దూరానైనా ఉండవచ్చు, ఆపే అధికారం ఆ వస్తువు పక్కనే ఉండాలి. గీజరుకూ ఇదే సూత్రం: వేడినీళ్లు కావాలని ఫోను చెప్పవచ్చు, ఇరవై నిమిషాలకు ఆపే లెక్క మాత్రం గీజరు మాడ్యూలు లోపలి టైమరులో ఉండాలి.

ఈ తర్కం మన రైతులకు కొత్త కాదు. బోరుబావి స్టార్టరు డబ్బాలో మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటారును ఆపే సింగిల్ ఫేజు ప్రివెంటరూ, నీళ్లు రానప్పుడు ఆపే డ్రై రన్ రక్షణా ఉంటాయి. ఫోను చేసి మోటారు వేసే సెల్ స్టార్టరు పెట్టుకున్నా ఆ రక్షణలు డబ్బాలోనే ఉంటాయి, సిగ్నలు లేదని మోటారు కాలదు. అయితే స్థానికమైనదంతా మంచిదే అనుకోకుండా ఉండటానికి ఆటో స్టార్టరును గుర్తుంచుకోవాలి. త్రీ ఫేజు రాగానే తనంతట తాను మోటారు వేసే ఆ డబ్బాకు ఏ సర్వరూ అక్కరలేదు, కానీ మడికి నీళ్లు కావాలో వద్దో దానికి తెలియదు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు, రాత్రింబవళ్లు మోటార్లు నడిచి భూగర్భజలం అడుగంటుతుందని, ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే రైతులను కోరింది. పైన చెప్పిన హోల్డు కాంటాక్టు ఏర్పాటులో కరెంటు పోయి వస్తే మోటారు తనంతట తాను లేవకపోవడం అందుకే మంచిది.

దీపాలకూ ఫ్యాన్లకూ నా సలహా ఇది. గోడమీద మామూలు స్విచ్చులే ఉంచండి, వాటి వెనుక బోర్డులో రిలే మాడ్యూళ్లు (రిలే, దాన్ని నడిపే చిన్న సర్క్యూటు కలిసిన డబ్బీలు) పెట్టించండి. మీట నొక్కితే ఆ మాడ్యూలు తనలో తానే రిలేను మారుస్తుంది. దానికి వైఫై కూడా అక్కరలేదు, ఎందుకంటే స్విచ్చి తీగ నేరుగా మాడ్యూలుకే వస్తుంది. అమెరికాలో పాత ఇళ్ల స్విచ్చి పెట్టెలలో న్యూట్రల్ దొరక్క ఇబ్బంది పడతారు. మన బోర్డులలో సాకెట్టు కూడా ఉంటుంది కాబట్టి న్యూట్రల్ సాధారణంగా అక్కడే ఉంటుంది. మెట్ల దగ్గర, స్నానాల గది బయట ఉండే ఒంటి స్విచ్చి పెట్టెలకు కూడా న్యూట్రల్ లాగించమని ఇప్పుడే చెప్పండి. మాడ్యూలు పట్టేంత లోతైన పెట్టెలు వేయించండి. మాడ్యూలు కొనేటప్పుడు తయారీదారు ఖాతా లేకుండా, క్లౌడు ఆపివేసి వాడే వీలున్నవి ఎంచుకోండి. షెల్లీ వంటి వాటిలో ఆ వీలు ఉంది, టాస్మోటా, ఈఎస్‌పీహోమ్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు వేసుకునేవీ దొరుకుతాయి. మెట్ల దీపానికి రెండు చోట్ల స్విచ్చులు కావాలంటే మామూలు టూవే వైరింగే చేయించండి, దానికి రేడియో ఎందుకు? బీఎల్‌డీసీ ఫ్యాన్ల లోపల వాటి సొంత సర్క్యూటు ఉంటుంది కనుక వాటి ముందు డిమ్మరుగానీ పాత రెగ్యులేటరుగానీ పెట్టవద్దు.

తీగ లాగలేని చోట, అంటే మంచం పక్కన అంటించే బ్యాటరీ స్విచ్చి వంటివాటికి, జిగ్‌బీ అనే రేడియో పద్ధతిలో బైండింగ్ అనే వెసులుబాటు వాడుకోవచ్చు. స్విచ్చికీ దీపానికీ నేరుగా జత కలిపితే, హబ్బు ఆగినా ఆ జత పనిచేస్తుంది. చిన్న మెలిక ఒకటుంది: బ్యాటరీ పరికరం దగ్గరలో ఉన్న ఏదో ఒక పరికరాన్ని పట్టుకొని నెట్‌వర్కులో ఉంటుంది, అది హబ్బునే పట్టుకొని ఉంటే హబ్బు పోగానే కొంతసేపు తికమకపడుతుంది. కరెంటు మీద నడిచే జిగ్‌బీ పరికరమొకటి అదే గదిలో ఉంటే ఆ ఇబ్బంది తగ్గుతుంది. మ్యాటర్ అనే ముద్ర చూసి మాత్రం నిశ్చింత పడవద్దు. 2022లో వచ్చిన ఆ ప్రమాణం ఆదేశాలు ఇంట్లోనే తిరిగేట్లు చేసింది, అది మంచి మార్పే. కానీ నియమాలు ఇప్పటికీ ఎక్కువగా ఏదో ఒక హబ్బులోనే ఉంటున్నాయి.

వచ్చేటప్పుడు అమెరికా నుంచి పరికరాలు తెస్తానని రాశారు. జీ-వేవ్ అనే ఇంకొక రేడియో పద్ధతి పరికరాలు తేవద్దు. అక్కడివి 908.42 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి, మన దేశానికి కేటాయించినది 865.2, ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు, పైగా ఆ తరంగాన్ని ఇక్కడ వాడటానికి అనుమతి లేదు. జిగ్‌బీ, వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ రెండు చోట్లా ఒకటే, అయితే అక్కడి గోడ స్విచ్చులు 120 వోల్టులకు చేసినవి. బ్యాటరీ సెన్సర్లు తెచ్చుకుంటే చాలు.

కరెంటు పోయి రావడం గురించి చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర పరికరాలు తరచుగా తడబడేది అక్కడే. కరెంటు వచ్చాక మాడ్యూలు రెండు మూడు సెకన్లలో లేస్తుంది, రౌటరుకు రెండు నిమిషాలు పడుతుంది. సమయాన్ని ఇంటర్నెట్ నుంచి తెచ్చుకునే మాడ్యూలుకు అప్పటిదాకా గంటెంతో తెలియదు. ఇంటర్నెట్ కూడా రాకపోతే ఆ సాయంత్రం గేటు దీపం వెలగదు. అందుచేత హబ్బులో, అంటే హోమ్ అసిస్టెంట్ నడిచే డబ్బాలో, బ్యాటరీ గడియారం పెట్టి, ఇంట్లోని మాడ్యూళ్లన్నీ సమయాన్ని హబ్బునే అడిగేట్లు చేయించండి. రౌటరునూ హబ్బునూ ఇన్వర్టరు లైను మీదికి తెండి. ప్రతి మాడ్యూలులోనూ "కరెంటు వచ్చినప్పుడు ఏ స్థితిలో ఉండాలి" అన్న అమరిక ఉంటుంది. పడకగది దీపాలకు ఆఫ్ అనీ, వరండాకు మునుపటి స్థితి అనీ పెట్టకపోతే, రాత్రి రెండింటికి కరెంటు వచ్చి ఇల్లంతా వెలిగి పెద్దవాళ్లు ఉలిక్కిపడి లేస్తారు. పెద్ద భవనాల దీపాలకు వాడే డాలీ ప్రమాణంలో కరెంటు వచ్చినప్పటి వెలుతురూ, నియంత్రణ తీగ తెగినప్పటి వెలుతురూ రెండూ ఆ దీపం లోపలే దాచి ఉంటాయి. వికేంద్రీకరణను గురించి ఆలోచించినవారు చేసిన పని అది.

ఇంతా చెప్పి హోమ్ అసిస్టెంట్ వద్దంటానేమో అనుకోవద్దు. పెట్టుకోండి, ఎస్‌డీ కార్డు బదులు ఎస్‌ఎస్‌డీ వేసి, వారానికొకసారి బ్యాకప్ మీ దగ్గరికి వచ్చేట్లు చేసుకోండి. తలుపు తెరిచి ఉందని చెప్పడం, నాన్నగారు ఉదయం ఏడు దాటినా వంటింట్లో దీపం వేయలేదని మీకు కబురు పంపడం, కరెంటు ఎంత కాలుతోందో చూపడం వంటివి దానికి అప్పగించండి. అది ఒక వారం పడుకున్నా ఇంట్లో ఎవరికీ తెలియకూడదు, అదే దానికి పెట్టవలసిన హద్దు. క్లౌడును కూడా పూర్తిగా కాదనను. కెమెరా రికార్డులను ఇంట్లో మాత్రమే దాస్తే దొంగ ఆ డబ్బాను కూడా పట్టుకుపోతాడు, కాబట్టి గేటు కెమెరా రికార్డు నకలు ఒకటి క్లౌడులో ఉండటం మంచిదే. అద్దె ఇంట్లో ఉండేవారికి, ఏడాదిలో ఖాళీ చేసేవారికి ఒక వైఫై ప్లగ్గూ యాప్పూ చాలు. వారికి పైన రాసినదంతా అనవసరపు ఖర్చు.

దూరంనుంచి చూసుకోవడానికి పోర్టు తెరవవద్దని చెప్పాను. ఎలాగూ మన ప్రొవైడర్లలో చాలామంది ఒకే ఐపీ చిరునామా వెనుక అనేక ఇళ్లను పెడతారు కనుక మామూలు కనెక్షనులో అది కుదరదు కూడా. హబ్బులో వైర్‌గార్డ్ మీద నడిచే టెయిల్‌స్కేల్ వంటి వీపీఎన్ (మీ పరికరాలకు మాత్రమే తెలిసే రహస్య దారి) వేసుకుంటే డల్లాస్‌లోని మీ ఫోను ఇంటి నెట్‌వర్కులో ఉన్నట్లే ఉంటుంది. దారి తెగితే మీకు కనిపించడం ఆగుతుంది తప్ప ఇంటి పని ఆగదు.

పని అయ్యాక డబ్బు మొత్తం చెల్లించే ముందు ఎలక్ట్రీషియన్‌ను దగ్గర పెట్టుకొని, మీరు వీడియోలో చూస్తుండగా, వరుసగా ఈ పరీక్షలు చేయించండి. మొదట రౌటరులోంచి ఇంటర్నెట్ తీగ పీకించి ప్రతి స్విచ్చినీ, సాయంత్రపు దీపాల నియమాన్నీ చూడండి. తరువాత హబ్బు ఆపించి మీటలూ, మంచం పక్క స్విచ్చీ చూడండి. ఆపైన మీరు ఇంకొక ఫోనుతో మాట్లాడుతూ రౌటరు కూడా ఆపించి గోడ మీటలన్నీ మళ్లీ నొక్కించండి. మోటారు నడుస్తుండగా మేడమీది ఫ్లోటును చేత్తో పైకి లేపించండి, అది ఆగాలి. చివరగా మెయిన్ ఆపి, ఐదు నిమిషాల తరువాత వేసి, ఏది వెలిగిందో, మోటారు లేవకుండా ఉందో లేదో గమనించండి. ఏ మాడ్యూలు ఏ బోర్డులో ఉందో, దాని పాస్‌వర్డు ఏమిటో, ఏ తీగ ఏ ఎంసీబీకి పోతుందో కాగితం మీద రాయించి డీబీ తలుపు లోపలి వైపు అంటించమనండి, ఒక ఫోటో మీ దగ్గరా ఉంచుకోండి. రేపు వచ్చే ఎలక్ట్రీషియన్ ఇవాళ్టివాడే కానక్కరలేదు.